84 మంది విద్యార్థినుల ఫొటోలు: స్టూడియోలోనా, అవుట్‌డోర్‌లోనా?

ప్రశ్న: మా నాన్నగారు మల్కాజ్‌గిరిలో నడిపిన ఫొటో స్టూడియోను మూడేళ్లుగా నేను చూసుకుంటున్నాను. గది పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. గొడుగులు తగిలించిన రెండు ఫ్లాష్ లైట్లు, ఒక క్రాప్ సెన్సర్ కెమెరా (లోపల బొమ్మ పడే సెన్సర్ పలక చిన్నదిగా ఉండే రకం), 50 ఎంఎం లెన్సు, కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. దగ్గరలోని మహిళా డిగ్రీ కళాశాలవారు ఫైనలియర్ విద్యార్థినులు 84 మందికి విడివిడిగా ఫొటోలు తీసి ఆల్బమ్ చేసిపెట్టమన్నారు. ఫిబ్రవరిలో రెండు రోజులు ఇస్తారట. ప్రిన్సిపాల్ గారు అందరినీ స్టూడియోకు పంపిస్తామంటున్నారు. అమ్మాయిలేమో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు గాని, దుర్గం చెరువు తీగల వంతెన మీద గాని తీయమంటున్నారు. బయట వద్దని కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. ఏది మంచిది? రెండింటికీ ఒకే ధర చెప్పాలా? ఇంకొకటి కూడా అడగాలి. నాన్నగారి కాలంలో రంగులు వేయించిన పెద్ద తెర ఒకటి స్టూడియోలో ఉంది. మేడమెట్లు, పూలకుండీలు, వెనక కొండలు. అది చూసి అమ్మాయిలు నవ్వుతున్నారు. తీసేయమంటారా?
ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నా కన్ను ముందుగా పడింది 84 అన్న అంకె మీద. ఒక అమ్మాయిని బయటికి తీసుకువెళ్లి, చోటు చూసి, బెరుకు తీరేదాకా నాలుగు మాటలు మాట్లాడి, చెప్పుకోదగ్గ ఫొటో ఒకటి తీయడానికి ముప్ఫై ఏళ్ల అలవాటు తరవాత కూడా నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన 84 మందికి 1,680 నిమిషాలు, అంటే 28 గంటలు. బయట ముఖం మీద మెత్తగా పడే వెలుతురు ఉదయం గంటన్నర, సాయంత్రం గంటన్నర దొరికితే గొప్ప. రోజుకు మూడు గంటల చొప్పున పని తొమ్మిది రోజులు దాటిపోతుంది, కళాశాలవారు ఇచ్చినవి రెండు. అదే లైటు మన చేతిలో ఉండి, ఒకే తెర ముందు, ఒకే దూరంలో తీసేటప్పుడు మనిషికి నాలుగు నిమిషాలు సరిపోతాయి. మొత్తం 336 నిమిషాలు, ఆరు గంటలకు లోపే. ఆలస్యంగా వచ్చేవారికి, చీర సర్దుకునేవారికి, కరెంటు పోయిన అరగంటకు కూడా రెండు రోజుల్లో చోటుంటుంది.

కాబట్టి ఆల్బమ్ వరకు స్టూడియో పద్ధతే సరైనదని నా అభిప్రాయం. స్టూడియో పద్ధతి అన్నానే గాని మీ స్టూడియోలోనే తీయమనలేదు. లైట్లు, తెర, స్టాండ్లు ఒక ఆటో ట్రాలీలో వేసుకుని కళాశాలకే వెళ్లండి.

గది కొలతలు రాసి మంచి పని చేశారు, ఎందుకంటే ఇక్కడ మాట్లాడవలసినవి ఆ అడుగులే. మీ కెమెరా సెన్సర్ పొడుగు వైపు సుమారు 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 50 ఎంఎం లెన్సు వేసి, ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి, కెమెరాను నిలువుగా పట్టుకుని చూస్తే ఫ్రేములో పట్టేది మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు మాత్రమే, అంటే తల మీద కాస్త ఖాళీ వదిలితే నడుము కిందిదాకా. అమ్మాయి నీడ తెర మీద పడకుండా వెనక ఐదు అడుగులు వదలాలి, మీరు నిలబడడానికి రెండు అడుగులు కావాలి. పదిహేను అడుగులు అక్కడికే అయిపోయాయి. మీ గదిలో నడుము పై ఫొటో హాయిగా వస్తుంది. కాని ఫేర్‌వెల్‌కు మొదటిసారి పట్టుచీర కట్టుకున్న పిల్ల అడిగేది నిలువెత్తు ఫొటో. దానికి అదే లెన్సుతో పద్నాలుగు అడుగుల దూరం కావాలి, వెనకా ముందూ కలిపి ఇరవై ఒకటి. 18-55 లెన్సును వెడల్పుకు తిప్పి తీస్తే మనిషి పడుతుంది గాని తెర అంచులు దాటి గోడా, స్విచ్‌బోర్డూ కూడా పడతాయి. కాళ్ల దగ్గర తెర ముడతలు కనిపిస్తాయి. ఇంతా చేసి 84 మందినీ మీ వీధికి రప్పిస్తే లోపల ఒకరు, మెట్ల మీద పదిమంది, కిందనున్న కిరాణా కొట్టు ముందు ముప్ఫైమంది నిలబడతారు. కళాశాల సెమినార్ హాలు గాని, బెంచీలు ఒక పక్కకు జరిపిన పెద్ద తరగతి గది గాని అడగండి. ఇరవై అయిదు అడుగుల పొడవుంటే మీ ఇబ్బందులు సగం తీరిపోతాయి.

ఇక బయటి వెలుతురు సంగతి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఊరు. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. కర్రకు లేని నీడ మనిషి ముఖంలో మాత్రం ఉంటుంది. కనుబొమల కింద కళ్లు రెండు గుంటలవుతాయి, ముక్కు నీడ పై పెదవి మీద మీసంలా కూర్చుంటుంది. ఫిబ్రవరిలో అంత కష్టం లేదు. పదో తేదీ ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు 58 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ కూడా అంతగా కాల్చదు. అయినా తొమ్మిది దాటాక నేరుగా ఎండలో నిలబెడితే పిల్లలు కళ్లు చికిలించక మానరు. ఆ నెలలో సూర్యోదయం ఆరూ ముప్పావుకు, అస్తమయం ఆరుంబావుకు. ఏడు గంటలకల్లా ముస్తాబై రమ్మంటే ఘట్‌కేసర్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఎన్నింటికి లేవాలో ఆలోచించండి.

చెట్టునీడ ఉంది కదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకుని ఒకసారి దెబ్బతిన్నాను. ఒక పాఠశాల పదో తరగతి పిల్లలు నలభైమందిని ఒక తోటలో వేపచెట్టు కింద వరసగా తీశాను. తొమ్మిదింటికి మొదలుపెట్టినప్పుడు నీడ చిక్కగా ఉంది. పదిన్నరకు సూర్యుడు జరిగాడు, నేను జరగలేదు. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ చుక్కలు ఒకరి నుదుటి మీద, ఒకరి సగం పెదవి మీద, ఒకరి ఒకే కంటిలో పడ్డాయి. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో అంతా బాగానే కనిపించింది. ల్యాబులో ప్రింట్లు చేతికి వచ్చాక చూస్తే పదిహేనుమందికి మచ్చలు, మిగిలినవాళ్లలో సగంమందికి గడ్డం కిందా మెడ మీదా ఆకుపచ్చ ఛాయ. ఆ ఛాయ గడ్డి నుంచి వస్తుంది. ఎండ పడిన పచ్చిక తన రంగును పైకి కొడుతుందని అప్పటికి నాకు తెలుసు, తెలిసీ పట్టించుకోలేదు. ఆ తరవాతి ఆదివారం నా ఖర్చుతో అందరినీ మళ్లీ తీశాను. అప్పటి నుంచి ముప్ఫైమంది దాటిన పని ఏదీ చెట్టు కింద ఒప్పుకోలేదు.

ఆర్ట్స్ కాలేజీ మీద అమ్మాయిలకున్న మోజు నాకు అర్థమవుతుంది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు గ్రానైట్ భవనం ముందు నిలబడితే ఎవరికైనా చదువుకున్నామన్న గర్వం కలుగుతుంది. కాని భవనమంతా పట్టించాలని వెనక్కి నడుస్తూ పోతే అమ్మాయి అగ్గిపుల్లంత అవుతుంది, అమ్మాయిని పట్టించాలని దగ్గరికొస్తే వెనక ఉన్నది ఏ భవనమో తెలియదు. పైగా ఆ పిల్లలు మూడేళ్లు చదివింది అక్కడ కాదు. విశ్వవిద్యాలయం వారి అనుమతి లేకుండా లైట్లు, స్టాండ్లతో లోపలికి వెళ్లడం కూడా పద్ధతి కాదు. 2020లో తెరిచిన తీగల వంతెన విషయంలో అయితే సందేహమే వద్దు. వాహనాలు తిరిగే వంతెన మీద నిలబడి ఫొటోలు దిగవద్దని పోలీసులు చెబుతూనే ఉన్నారు, 84 మంది ఆడపిల్లల బాధ్యత మీ మీద ఉన్న రోజున ఆ సాహసం అసలే వద్దు. రేపు ఇంకెవరైనా గోల్కొండ అనో చార్మినార్ అనో అంటే, కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పండి.

బయట వద్దన్న తల్లిదండ్రుల మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. పార్కులో ఒక అమ్మాయి ముస్తాబై నిలబడగానే దారిన పోయేవారు ఆగుతారు, ఎవరో ఒకరు తమ ఫోన్ తీస్తారు. ఆ పిల్ల చూపు మీ లెన్సు మీద ఉండదు, ఆ ఫోన్ మీద ఉంటుంది. నాలుగు గోడల మధ్య దొరికే నిశ్చింత బయట దొరకని పిల్లలు ప్రతి తరగతిలోనూ కొందరుంటారు. ఈ సంగతి మన ఊరికి కొత్త కూడా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ వనితకు అప్పగించారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల కంట పడకుండా ఫొటో తీయించుకోగలిగింది ఆ ఏర్పాటు వల్లనే. మీరు స్త్రీ కావడం ఈ పనిలో మీకున్న పెద్ద బలం, దాన్ని పూర్తిగా వాడుకోండి. హాలు తలుపు దగ్గర మీ సహాయకురాలిని కూర్చోబెట్టి, లోపలికి ఇద్దరిద్దరినే పంపించమనండి. హిజాబ్, నఖాబ్ వేసుకునే అమ్మాయిలు ఎలా కనిపించదలచుకున్నారో, తమ ఫొటో ఆల్బమ్‌లో పెట్టవచ్చో లేదో నలుగురిలో కాకుండా విడిగా అడగండి. ఎవరి ఫొటో అయినా మీ స్టూడియో ప్రచారానికి వాడుకోవాలంటే వారి చేత రాయించుకుని వాడుకోండి.

ఇప్పుడు హాలులో ఏర్పాటు. నేపథ్యానికి బూడిదరంగు కాటన్ బట్ట సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొని, పది అడుగుల వెడల్పు వచ్చేలా కుట్టించండి. నలుపు వద్దు, మనవాళ్ల జుట్టు అందులో కలిసిపోతుంది. దాని పక్కనే ఒక తెల్లబట్ట కూడా చుట్టి పెట్టుకోండి, ఎందుకో తరవాత చెబుతాను. తెర నుంచి ఐదు అడుగుల ముందు నేల మీద తెల్ల టేపుతో గుర్తు వేసి, ప్రతి అమ్మాయినీ ఆ గుర్తు మీదే నిలబెట్టండి. ఒక గొడుగు లైటును ఆమెకు ఏటవాలుగా, కళ్లకంటె కొంచెం ఎత్తులో పెట్టండి. రెండో పక్క నాలుగడుగుల థర్మాకోల్ షీటు ఒకటి నిలబెడితే నీడ వైపు చెంప చీకటి కాకుండా ఉంటుంది. రెండో లైటును తెర మీదికి తిప్పండి. తరగతి గదిలో ట్యూబులైట్లు ఆర్పించండి, వాటి రంగు వేరు, ఫ్లాష్ రంగు వేరు.

ప్రధాన లైటు ఎంత దూరంలో ఉండాలన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. ఒక్కరిని తీరిగ్గా తీసేటప్పుడు నేను గొడుగును మూడు అడుగుల దగ్గరికి తెస్తాను, వెలుతురు వెన్నలా ఉంటుంది. కాని దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం దగ్గరలోనే గట్టిగా కరుస్తుంది. మూడు అడుగుల దగ్గర పెట్టిన లైటు వైపు అమ్మాయి అర అడుగు వంగిందంటే ముఖం మీద వెలుతురు 44 శాతం పెరుగుతుంది. అదే లైటు ఆరు అడుగుల దూరంలో ఉంటే అంతే వంగినా పెరిగేది 19 శాతమే. 84 మందిలో వంగేవారుంటారు, వెనక్కి తగ్గేవారుంటారు, గుర్తు దాటి అడుగు ముందుకేసేవారూ ఉంటారు. కాబట్టి మెత్తదనం కాస్త తగ్గినా ఫరవాలేదు, ఆరు అడుగులు పెట్టండి. షట్టర్ 1/160, అపర్చర్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100 లేదా 200, అన్నీ మాన్యువల్‌లో ఉంచి, గ్రే కార్డు, అంటే నడిమి బూడిదరంగు అట్ట, పట్టించి ఒకసారి చూసుకున్నాక సాయంత్రం దాకా ఒక్క మీటా తిప్పకండి. వరండాలో పెట్టే స్టాండు ఏదైనా ఉంటే రెండు ఇటుకలు సంచిలో వేసి దానికి వేలాడదీయండి, గొడుగు గాలికి పడితే పగిలేది ఫ్లాష్ బల్బే.

మాన్యువల్ అని నొక్కి చెప్పడానికి బలమైన కారణం ఉంది. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే అది చూసిన ప్రతిదాన్నీ నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. నల్ల బురఖా వేసుకున్న అమ్మాయి వస్తే వెలుతురు చాలలేదనుకుని పెంచుతుంది, ముఖం సున్నం కొట్టినట్టవుతుంది. తెల్ల చుడీదార్ వేసుకున్న అమ్మాయి వస్తే తగ్గిస్తుంది, చామనఛాయ ముఖం మరింత నల్లబడుతుంది. ఆల్బమ్‌లో వీరిద్దరూ పక్కపక్క పేజీల్లో ఉంటారు. లైటు కదలకుండా, అంకెలు మారకుండా తీస్తే ఎవరి రంగు వారికి ఉంటుంది. "మా అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి" అని ఏ తల్లో అడుగుతారు, అడగకుండా ఉండరు. మొటిమను తీసేయండి, నిద్రలేని కళ్ల కింది నలుపును కొంత తగ్గించండి, చర్మం రంగు మాత్రం ముట్టుకోకండి. మొదట్లో నేనూ మొహమాటానికి తెల్లగా చేసి ఇచ్చేవాణ్ని. ఒకసారి ఒక అమ్మాయి ప్రింటు చేతిలోకి తీసుకుని, "ఇది మా అక్క ఫొటో అండీ" అంది. వాళ్లకు అక్క లేదు.

కళ్లజోడు పిల్లలు పాతికమందైనా ఉంటారనుకోండి. అద్దాల్లో గొడుగు తెల్లగా మెరుస్తుంది. జోడు తీసేయమని చెప్పకండి, ముక్కు మీద ఒత్తులు కనిపిస్తాయి, పిల్ల ముఖమే మారిపోతుంది. కళ్లజోడు కాడలను చెవుల మీద నుంచి చిటికెన వేలి మందం పైకి ఎత్తండి. అద్దాలు కిందికి వాలుతాయి, మెరుపు గడ్డం కిందికి జారిపోతుంది. ఎదురుగా చూసేవారికి ఆ ఎత్తు తెలియనే తెలియదు. అప్పటికీ పోకపోతే లైటును ఒక జానెడు పైకి లేపండి.

స్టూడియో లైట్ల ముందు పిల్లలు బిగుసుకుపోతారన్నది అవుట్‌డోర్ అభిమానుల ప్రధాన ఫిర్యాదు. అది నిజం కూడా. "నవ్వమ్మా" అన్న మాటకు వచ్చే నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరిద్దరిని పంపమన్నది అందుకే. ఒకరు గుర్తు మీద నిలబడితే రెండోవారిని మీ భుజం పక్కన, లెన్సుకు ఆనుకుని నిలబెట్టండి. మీరేమీ చెప్పనక్కరలేదు. ఆ స్నేహితురాలు మొదట నోరు మూసుకుని చూస్తుంది, తరవాత పెదవి కొరుకుతుంది, ఆ తరవాత ఎవరో లెక్చరర్‌గారి పేరు మెల్లగా అంటుంది. గుర్తు మీద ఉన్న పిల్ల ముందు కళ్లతో నవ్వి, పెదవులతో ఆపుకోవాలని చూసి, చేతకాక తల పక్కకు తిప్పుకుంటుంది. మళ్లీ తల ఇటు తిప్పే క్షణానికి మీ వేలు షట్టర్ మీద సిద్ధంగా ఉండాలి. ఆల్బమ్‌లోకి వెళ్లే ఫొటో అదే అవుతుంది. ప్రిన్సిపాల్ గారు గంభీరమైనది కూడా కావాలంటే అంతకుముందే రెండు తీసి ఉంచుకోండి.

ప్రతి అమ్మాయికీ మొదటి క్లిక్ పలక మీద రాసిన పేరు, రోల్ నంబరు. దీన్ని చిన్నతనం అనుకోకండి, ఒకే రంగు చీరలు కట్టుకున్న 84 మందిలో ఎవరు ఎవరో వారం తరవాత మీకు గుర్తుండదు. గంభీరమైనవి రెండు, నవ్వుతో మూడు, నిలువెత్తుది ఒకటి. ఆ తరవాత వెనక తెల్లబట్ట దించి, రెండు చెవులూ కనిపించేలా నేరుగా ఒకటి తీయండి. పీజీ ప్రవేశాలకో ఉద్యోగ దరఖాస్తులకో 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఫొటో ఆ పిల్లలందరికీ ఈ ఏడాదిలోనే కావాలి. తెల్లబట్ట కొనమన్నది ఇందుకే. తెర మార్చే పని మనిషి మనిషికీ పెట్టుకోకుండా పదిమంది అయ్యాక ఆ పదిమందినీ తెల్లబట్ట ముందు వరసగా నిలబెడితే సమయం కలిసివస్తుంది. అద్దం, దువ్వెన, పిన్నీసులు, జిడ్డు అద్దడానికి టిష్యూ కాగితాలు గది బయట బల్ల మీద ఉంచండి, లోపల అద్దం వద్దు.

అయితే ఆరుబయట వెలుతురు బొత్తిగా లేని ఆల్బమ్ నాకు కూడా నచ్చదు. హాలు బయట వరండా ఉంటుంది కదా, దాన్ని వాడుకోండి. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం వరకు మన దగ్గర సూర్యుడు తూర్పుకు దక్షిణంగా ఉదయించి, పడమరకు దక్షిణంగానే అస్తమిస్తాడు. కాబట్టి సరిగ్గా ఉత్తరం చూసే వరండాలోకి ఫిబ్రవరిలో ఏ గంటకూ నేరుగా ఎండ రాదు, రోజంతా ఆకాశపు వెలుతురే వస్తుంది. పాతకాలపు స్టూడియోలు ఉత్తరం వైపు పెద్ద కిటికీలు పెట్టించుకున్నది ఈ వెలుతురు కోసమే. అమ్మాయిని వరండా అంచుకు రెండడుగుల లోపల, బయటికి చూస్తూ నిలబెట్టండి. ఎదురుగా ఉన్న గోడ ఏ రంగులో ఉందో చూసుకోండి. పసుపు గోడయితే ఆ పసుపు ముఖం మీదికి వస్తుంది, అప్పుడు ఒక తెల్ల దుప్పటి అడ్డం కట్టండి. ఈ నీడలో రంగు కాస్త నీలంగా తిరుగుతుంది కనుక కెమెరాలో రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను షేడ్ మీద పెట్టండి, లేదా రా ఫైలులో, అంటే కెమెరా తన మార్పులు చేయని ముడి ఫైలులో, తీసి తరవాత సరిచేసుకోండి. ఒక వారం ముందే కళాశాలకు వెళ్లి, తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి వరండాలో మీ పిడికిలిని ముఖం ఎత్తులో పట్టుకుని చూడండి. వేళ్ల కణుపుల నీడలు గీసినట్టు ఉంటే ఆ చోటు పనికిరాదు, కరిగినట్టు ఉంటే పనికొస్తుంది. హాలులోంచి బయటికొచ్చే ప్రతి అమ్మాయికీ ఇక్కడ ఒక్క నిమిషం చాలు. లోపలి బెరుకు అప్పటికే వదిలి ఉంటుంది.

ఇక పూర్తి అవుట్‌డోర్ కావాలని పట్టుబట్టే అమ్మాయిలుంటారు. వారి కోరికను కాదనకండి, దాన్ని వేరే పనిగా, వేరే రోజున, వేరే ధరకు పెట్టండి. ఒక్కరికి గాని, ముగ్గురు నలుగురు స్నేహితురాళ్లకు గాని సాయంత్రం నాలుగూ ముప్పావు నుంచి ఆరు వరకు ఇవ్వండి. చోటు ఎంచుకునేటప్పుడు నగరంలో పేరున్న చోట్ల జాబితా తిరగేయకుండా, ఆ పిల్ల రోజూ ఎక్కడ కూర్చునేదో అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ట్యాంక్‌బండ్ అని మొదలుపెట్టి, మాటల్లో, మూడేళ్లు తాను కాలేజీ బస్టాపులో అరుగు మీద కూర్చునే చదువుకున్నానని చెప్పింది. ఆ అరుగు మీదే తీశాను, సాయంత్రపు ఎండ వెనక నుంచి జుట్టు అంచును పట్టుకుంది, తెల్ల థర్మాకోల్ ముక్కతో ముఖానికి వెలుతురు తిప్పాను. ట్యాంక్‌బండ్ దాకా వెళ్లే పని లేకపోయింది.

ధర విషయానికి వస్తే రెండింటికీ ఒకటే చెప్పడం మీకు నష్టం. ఆల్బమ్ పనికి తలకింత అని చెప్పండి, కాని ఆ అంకె వేసేముందు అందరూ మరిచిపోయే ఒక ఖర్చును కలుపుకోండి. ఫొటో ఏరుకుని సరిచేయడానికి మనిషికి పది నిమిషాలు అనుకున్నా 84 మందికి 14 గంటలు, అంటే మీ రెండు రోజుల పని నిజానికి నాలుగు రోజులది. సహాయకురాలి కూలి, ఆటో ట్రాలీ, బట్ట, ల్యాబులో ప్రింట్లు, ఆల్బమ్ బైండింగు దాని మీద వేసుకోండి. సగం అడ్వాన్సు కళాశాల నుంచి తీసుకోండి, అమ్మాయిల దగ్గర విడివిడిగా వసూలు చేసే బాధ్యత మీరు నెత్తిన పెట్టుకోవద్దు. అవుట్‌డోర్‌కు గంట లెక్కన చెప్పండి, వాన వచ్చినా మబ్బు పట్టినా ఇంకో రోజు వస్తానని మాట ఇవ్వండి, డబ్బు వెనక్కిస్తానని మాత్రం అనకండి.

మీ నాన్నగారి తెరను తీసేయవద్దు. రెండో రోజు దాన్ని కళాశాలకు తీసుకువెళ్లండి. విడి ఫొటోలు అయిపోయాక, సాయంత్రం నాలుగింటికి, ఆ ఉత్తరపు వరండాలోనే రెండు స్తంభాల మధ్య కట్టి, ముందు ఒక కర్ర కుర్చీ వేసి, ఎవరికిష్టమైతే వారు వచ్చి నిలబడవచ్చని చెప్పండి. మీ స్టూడియోలో ఆ మేడమెట్లను చూసి నవ్వినవాళ్లే అక్కడ ముందుగా వరస కడతారు. ఆ వరసలో వాళ్ల లెక్చరర్లు కూడా ఉంటారని నా నమ్మకం. తెర అంచులూ వరండా స్తంభాలూ ఫ్రేములో కనిపించేలా కాస్త వెనక్కి జరిగి తీయండి. తీసుకువెళ్లేటప్పుడు మాత్రం దాన్ని మడతపెట్టకండి. పాత రంగు మడత దగ్గర పొడిగా రాలిపోతుంది. పొడుగాటి పీవీసీ గొట్టానికి రంగు వైపు పైకి వచ్చేలా చుట్టి, పాత చీర ఒకటి కప్పి, ఆటోలో అన్నిటికంటె పైన పెట్టించండి.